రాత్రి రైల్లో బార్ బోగీ: ఐదుకి నాలుగు స్టార్లు

రాత్రి రైళ్లలో మందు ఉండొచ్చా అని అడిగితే నా జవాబు ఇది: బార్ బోగీలో ఉండొచ్చు, బెర్తు దగ్గర చుక్క కూడా వద్దు. ఓపిక లేనివాళ్లు ఇక్కడే దిగిపోవచ్చు. మిగతావాళ్లకి ఈమధ్య నేను ఎక్కిన ఒక రాత్రి రైలు గురించి, అందులోని బార్ బోగీ గురించి వివరంగా చెప్తాను. రైలు పేరు మాత్రం రాయను. కింద మెచ్చుకోలుతో పాటు ఫిర్యాదులూ ఉన్నాయి. అక్కడ పనిచేసే పెద్దాయన ఉద్యోగానికి నా రాత వల్ల ఇబ్బంది రాకూడదు.

నేను ఆసుపత్రుల్లో స్కానింగ్ మెషిన్లు బాగుచేస్తాను. ఫోన్ వస్తే బయల్దేరాలి. పని అయ్యేసరికి రాత్రవుతుంది, తెల్లారేసరికి ఇంకో ఊళ్లో ఇంకో మెషిను ఎదురుచూస్తుంటుంది. అందుకని నా నిద్రలో పెద్ద వాటా రైళ్లదే. ఒంటరిగా తిరిగే ఆడదాన్ని. అప్పుడప్పుడు ఒక గ్లాసు వైన్ తాగుతాను. కాబట్టి తాగేవాళ్ల మీద నాకు కోపం లేదు, పక్క బెర్తులో తాగేవాళ్ల మీద ఉంది.

ఇక బోగీ సంగతి. రైలు మధ్యలో ఉంటుంది. ఒక సగంలో కౌంటరు, కిటికీల వెంట ఎత్తు స్టూళ్లు. ఇంకో సగంలో బల్లలు. స్టూళ్లు నేలకి బిగించి ఉన్నాయి. మలుపు వచ్చినప్పుడు మనిషి ఊగినా స్టూలు ఊగదు. గాజు సామాను ఎక్కడా లేదు. వైన్ చిన్న ప్లాస్టిక్ సీసాలో వస్తుంది, ఒక మనిషికి సరిపడా. రుచి ఎలా ఉందంటారా, చల్లగా ఉంది. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. బీరు రెండు రకాలు, అది కాక ఆల్కహాల్ లేని బీరు ఒకటి. విస్కీ కొలిచి పోస్తారు, డబుల్ పెగ్గు అడిగితే ఇవ్వరు. తినడానికి వేడి శాండ్‌విచ్, సూప్, ఉప్పు వేసిన పల్లీలు. పల్లీల్లో ఉప్పు మరీ ఎక్కువ. ఉప్పు తింటే దాహం, దాహం వేస్తే ఇంకో బీరు, ఈ వ్యాపారసూత్రం అన్ని బార్లకీ తెలుసు. రైలు బార్ కూడా దాన్నే పాటించడం నాకు నచ్చలేదు.

గోడ మీద నియమాల బోర్డు చిన్నదే. ఇక్కడ కొన్నదే ఇక్కడ తాగాలి. తెరిచిన సీసా ఈ తలుపు దాటకూడదు. పదకొండు తర్వాత అమ్మకం లేదు. ఇవ్వనని చెప్పే హక్కు సిబ్బందికి ఉంది, కారణం చెప్పనక్కర్లేదు. ఈ ఆఖరి వాక్యం చదివి ముందు నవ్వుకున్నాను. ఇలాంటి బోర్డులు చాలాచోట్ల చూశాను, వాటి మీద దుమ్ము కూడా చూశాను.

తొమ్మిదిన్నర ప్రాంతంలో ఐదుగురు కుర్రాళ్లు వచ్చారు. మ్యాచ్ చూసి వస్తున్నట్టున్నారు. ఒంటి మీద ఒకే రంగు జెర్సీలు, గొంతులు అప్పటికే బొంగురు. స్టేషన్లోనే మొదలుపెట్టి ఎక్కారని చూడగానే తెలుస్తోంది. కౌంటర్లో పెద్దాయన మొదటి రౌండు ఇచ్చారు, ప్రతి కప్పు పక్కనా అడక్కుండానే ఒక కప్పు నీళ్లు పెట్టారు. రెండో రౌండు కూడా ఇచ్చారు, కాకపోతే ఐసు అయిపోయిందని లోపలికి వెళ్లి తాపీగా వచ్చారు. ఐసు అయిపోలేదు. డబ్బా నిండుగా నా ఎదురుగానే ఉంది. మూడోసారి మాత్రం లేదన్నారు.

"డబ్బులిస్తున్నాం కదా సార్" అన్నాడొకడు.

"డబ్బు సంగతి కాదు బాబూ. మీ బెర్తులు నాలుగు బోగీల అవతల. నడిచి వెళ్లాలి, మీలో ఇద్దరు పైకెక్కి పడుకోవాలి. టీ పెడతాను, కూర్చోండి."

ఒకడు బ్యాగులోంచి సొంత సీసా బయటికి తీశాడు. పెద్దాయన గొంతు పెంచలేదు. గోడకి ఉన్న ఫోన్ తీసి రెండు ముక్కలు మాట్లాడారు. కాసేపట్లో ట్రైన్ మేనేజర్ వచ్చింది. సీసా తీసుకుంది, చీటీ రాసిచ్చింది, దిగేటప్పుడు చూపించి తీసుకోమంది. కుర్రాడు చీటీని అటూ ఇటూ తిప్పి చూసి జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఐదు టీలు వచ్చాయి, పాటలు కూడా వచ్చాయి, కానీ టీతో పాడే పాటలు ఎంతసేపు సాగుతాయి?

నా నాలుగు స్టార్లలో మూడు ఆ గోడ ఫోనుకే. ఇవ్వనని చెప్పడం ఎవరైనా చెప్తారు. ఆ మాట వెనక ఇంకో మనిషి వచ్చి నిలబడతారన్న నమ్మకం ఉంటేనే అది నిలుస్తుంది.

మామూలు బార్లో పక్కబల్లవాడు నచ్చకపోతే బిల్లు కట్టి బయటపడతాం. రైల్లో అలా కుదరదు. తలుపు బయట చీకటి, తర్వాతి స్టేషను రెండు గంటల దూరం, టికెట్ మీద బెర్తు నంబరు అచ్చేసి ఉంది. ఎదుటి బెర్తులో నలుగురు సీసా తెరిస్తే, ఆ క్షణం నుంచి ఆ చోటు వాళ్ల బార్. మనం డబ్బు కట్టి వాళ్ల బార్లో పడుకుంటున్నాం. విడిగా బార్ బోగీ ఉంటే ఈ లెక్క తిరగబడుతుంది. తాగాలనుకున్నవాడే లేచి నడవాలి. తాగనివాడు తన చోట తను ఉంటాడు.

విమానాల వాళ్లు ఈ విషయం ఎప్పుడో తేల్చేశారు. అమెరికా విమానయాన నిబంధనల ప్రకారం సిబ్బంది పోసిచ్చింది తప్ప సొంత మందు విమానంలో తాగకూడదు. మత్తులో ఉన్నట్టు కనిపించే మనిషికి సిబ్బంది పోయకూడదు. రెండు వాక్యాలే. పోసే చేతికే ఆపే అధికారమూ, ఆపాల్సిన బాధ్యతా కట్టబెట్టారు. రైళ్లలో కొన్ని దీని దగ్గరికి వచ్చాయి. స్వీడన్‌లో ఎస్‌జే అనే సంస్థ రైళ్లలో రైల్లో కొన్న మందే తాగాలి. అమెరికాలో ఆమ్‌ట్రాక్ అనే రైళ్ల సంస్థ కెఫే కారులో అమ్ముతుంది. సొంత సీసా తెచ్చుకుంటే స్లీపర్ కారులో సొంత గది ఉన్నవాళ్లు ఆ గదిలోనే తాగాలి. దీనితో నాకు పేచీ లేదు. తలుపు వేసుకుని తన గదిలో తాగే మనిషి ఎవరి బెర్తునీ బార్ చెయ్యడు.

అమ్మకమే వద్దు, మొత్తం నిషేధించెయ్యాలి అనేవాళ్లు నా స్నేహితుల్లోనే చాలామంది ఉన్నారు. వాళ్ల మాటలో సగం నిజం ఉంది. లండన్‌లో 2008 జూన్ 1 నుంచి మెట్రో రైళ్లలో, బస్సుల్లో తాగడం, తెరిచిన సీసా పట్టుకుని ఎక్కడం నిషేధించారు. అమల్లోకి రావడానికి ముందు రాత్రి జనం వీడ్కోలు పార్టీ అంటూ మెట్రోలో చేరి తాగారు. అది చెయ్యిదాటిపోయి కొన్ని స్టేషన్లు మూసేశారు, అరెస్టులు కూడా జరిగాయి. నిషేధం ఎందుకు కావాలో ఆ పార్టీవాళ్లే ఒక్క రాత్రిలో నిరూపించి పెట్టారు. మెట్రోలో నిషేధాన్ని నేను ఏమాత్రం తప్పుపట్టను. అరగంట ప్రయాణం, భుజాలు రాసుకుంటూ నిలబడే జనం, విడిగా బోగీ పెట్టే చోటు లేదు. జర్మనీలో మెట్రోనోమ్ అనే ప్రాంతీయ రైళ్ల సంస్థ కూడా 2009లో నిషేధం పెట్టింది. స్కాట్లాండ్‌లో స్కాట్‌రైల్ 2012లో రాత్రి 9 నుంచి ఉదయం 10 దాకా వద్దంది, 2020 నవంబరులో కోవిడ్ కాలంలో రోజంతా వద్దంది. కోవిడ్ నిబంధనలు పోయిన తర్వాత కూడా ఆ నిషేధం ఏళ్ల తరబడి ఉండిపోయింది.

గంట రెండు గంటల ప్రయాణానికి ఇవన్నీ సరే. రాత్రంతా సాగే రైలుకి వచ్చేసరికి నిషేధం వేషం మార్చుకుంటుంది. ఏ దేశమో చెప్పను గానీ, ఒక చుక్క కూడా ముట్టకూడదన్న రైల్లో నేను చూసిన తాగుడు ఇంకెక్కడా చూడలేదు. ఎదుటి బెర్తులో ఇద్దరు మర్యాదస్తులు. చేతిలో పెద్ద కూల్‌డ్రింక్ సీసా. దాని రంగు కూల్‌డ్రింక్ రంగే, వాసన మాత్రం వేరు. బాత్రూమ్‌కి వెళ్తారు, వస్తారు, సీసాలో మట్టం పెరుగుతుంది. దొరకకుండా తాగాలి కాబట్టి గబగబా తాగేస్తున్నారు. నీళ్లు లేవు, తిండి లేదు, కొలత లేదు. అర్ధరాత్రికి ఒకాయన తన బెర్తు ఏదో మరిచిపోయి నా కాళ్ల మీద కూర్చున్నాడు. బోగీ అటెండెంట్ కోసం వెళ్తే, ఇరవై ఏళ్లు కూడా ఉన్నట్టులేని కుర్రాడు. నిద్రలోంచి లేచి వచ్చి, వాళ్లని చూసి, నన్ను చూసి, "మేడమ్, మీరే ఇంకో బెర్తుకి మారతారా?" అన్నాడు. ఆ అబ్బాయిని ఏమంటాం? అతనికి ఫోను లేదు, వెనక మేనేజర్ లేదు. ఉన్నదల్లా చట్టం, అదీ ఎక్కడో పుస్తకంలో.

పుస్తకంలో చట్టాలు గట్టివే ఉంటాయి. భారతదేశంలో 1989 రైల్వే చట్టం 145వ సెక్షన్ చూడండి. రైల్లో మత్తులో ఉన్నవాణ్ణి, అల్లరి చేసేవాణ్ణి, బూతులు మాట్లాడేవాణ్ణి రైల్వే ఉద్యోగి ఎవరైనా దించెయ్యొచ్చని అందులో ఉంది. టికెట్ పోతుంది, ఆరు నెలల దాకా జైలు, ఐదు వందల రూపాయల దాకా జరిమానా. చదవడానికి బాగుంది. కానీ ఏ దేశంలోనైనా ఈ దించెయ్యడం దగ్గరే చిక్కు. రాత్రి రెండింటికి, దీపం సరిగా లేని చిన్న స్టేషన్లో, కాళ్లు నిలవని మనిషిని పట్టాల పక్కన వదిలేసి రైలు వెళ్లిపోవడం న్యాయమేనా? దించకపోతే బోగీకి ప్రమాదం, దించితే అతనికి ప్రమాదం. ఆ దాకా రానివ్వకుండా మూడో పెగ్గు దగ్గర ఆపేవాడు ఒకడు కావాలి. మందు సీసాలు బ్యాగుల్లో దాగి ఉన్నంతకాలం ఆ మూడో పెగ్గు ఎవరికీ కనిపించదు.

రైలుకి ఇంకో తలనొప్పి ఉంది, అది నేల మీది బార్‌కి లేదు. రైలు సరిహద్దులు దాటుతుంది. 1972లో అమెరికాలో కాన్సస్ రాష్ట్ర అటార్నీ జనరల్ వెర్న్ మిల్లర్, తమ రాష్ట్ర చట్టానికి విరుద్ధంగా మందు పోస్తున్నారని ఆమ్‌ట్రాక్ రైలు మీద దాడి చేయించాడు. కోర్టు కూడా రాష్ట్రం వైపే నిలబడింది. అంటే కిటికీ బయట పొలం మారితే చేతిలోని గ్లాసు నేరమైపోతుంది. బ్యాగులో సొంత సీసా ఉన్న ప్రయాణికుడికి ఈ సరిహద్దులు ఎలా తెలుస్తాయి? కౌంటరు ఉంటే షట్టర్ దించడం రైలువాళ్ల పని.

ఇంతవరకూ బార్ బోగీని మెచ్చుకున్నాను కదా, ఒక స్నేహితుడి మాట చెప్పాలి. ఆయన తాగుడు మానేసి చాలాకాలమైంది. ఎలా మానాడో దగ్గరుండి చూశాను కాబట్టి, రైల్లో బార్ ఉండాలంటే ఒప్పుకోడనుకున్నాను. ఆయన అన్నది వేరు. "బార్ బోగీతో నాకేం బాధ లేదు, అటు వెళ్లకపోతే సరి. నన్ను చంపేది ట్రాలీ. నా సీటు దగ్గరికే వస్తుంది. నవ్వుతూ ఏమైనా కావాలా అని అడుగుతుంది. వద్దని చెప్తాను. గంటకి మళ్లీ వస్తుంది. ఒక ప్రయాణంలో ఎన్నిసార్లు వద్దనాలి?"

అప్పటినుంచి ట్రాలీని చూసే పద్ధతి మారింది నాకు. తాగాలనుకున్నవాడు నడిచి వెళ్లి అడగడం వేరు, అక్కర్లేనివాడి మోచేతి దగ్గరికి సీసాలు దొర్లుకుంటూ రావడం వేరు. పైగా ట్రాలీ నడిపే అమ్మాయి పోసి ముందుకు వెళ్లిపోతుంది, ఆ మనిషి ఎన్నోది తాగుతున్నాడో చూసే వీలుండదు. జపాన్‌లో టొకాయిడో షింకాన్‌సెన్ అనే బుల్లెట్ రైలులో సీట్ల మధ్య తిరిగే అమ్మకపు బండిని 2023 అక్టోబరు చివరితో ఆపేశారు. సిబ్బంది కొరత, అమ్మకాలు తగ్గడం లాంటి కారణాలతో ఆపారు తప్ప నా స్నేహితుడి కోసం కాదు, కానీ ఆయనకి మాత్రం మేలే. అక్కడ సొంత బీరు క్యాను తెచ్చుకుని సీటు దగ్గర తాగొచ్చు, దానివల్ల పెద్ద గొడవలేమీ కనిపించవు. నా వాదనకి ఇది అడ్డొస్తుందని తెలుసు. అది పగటి రైలు, అందరూ కూర్చుని ఉంటారు, టోక్యో నుంచి ఒసాకా రెండున్నర గంటలు. పక్కవాళ్లు నిద్రపోయే రైలుకి అదే పద్ధతి పనికొస్తుందంటే ఒప్పుకోను.

నిద్ర అన్నాను కాబట్టి గురక గురించి చెప్పకుండా వదలను. ఆల్కహాల్ గొంతు కండరాలను వదులు చేస్తుంది. మామూలుగా గురక పెట్టనివాడు కూడా పెడతాడు, పెట్టేవాడు బోగీని లేపుతాడు. తాగితే నిద్ర బాగా పడుతుందనుకుంటారు గానీ రాత్రి రెండో సగంలో ఆ నిద్ర ముక్కలవుతుంది. నీటిని ఒంట్లో పట్టి ఉంచే హార్మోన్‌ని కూడా అది తగ్గిస్తుంది, అందుకే అన్నిసార్లు బాత్రూమ్. పై బెర్తువాడు అన్నిసార్లు నిచ్చెన దిగాలి, కింద బెర్తువాళ్ల చెప్పుల మీద కాలేసి. ఒక పెగ్గు ఒంట్లోంచి పోవడానికి సుమారు గంట పడుతుంది. పదకొండుకి బార్ మూసినా, వరసగా నాలుగు తాగినవాడు మూడింటి దాకా తాగినవాడే. అందుకే నన్నడిగితే పదకొండు కూడా ఆలస్యం, పదికి మూసెయ్యాలి. ఈ రైలుకి తగ్గించిన ఒక స్టారులో సగం దీనికే.

మిగతా సగానికి కారణాలు చిన్నవే. బార్ బోగీకి ఒకటే బాత్రూమ్, పైన చెప్పిన హార్మోన్ సంగతి బోగీ డిజైన్ చేసినవాళ్లకి ఎవరూ చెప్పినట్టు లేదు. బల్ల మీద కప్పు పెట్టే గుంట లోతు చాలదు, బ్రేక్ పడితే వైన్ ఒళ్లోకొస్తుంది. కౌంటర్లో ఒక్కరే మనిషి. ఆ పెద్దాయన పోస్తున్నారు, శాండ్‌విచ్ వేడి చేస్తున్నారు, బల్లలు తుడుస్తున్నారు, మధ్యలో ఎవరెన్ని తాగారో గుర్తుపెట్టుకుంటున్నారు. అలాంటి మనిషి దొరికారు కాబట్టి నాకు మంచి రాత్రి దొరికింది. ఆయన సెలవు పెట్టిన రోజున ఈ బార్ ఎలా ఉంటుందో నాకు అనుమానమే.

మ్యాచ్ ఉన్న రోజుల్లో అయితే ఆయన ఉన్నా చాలదు. న్యూయార్క్ చుట్టుపక్కల తిరిగే లాంగ్ ఐలాండ్, మెట్రో నార్త్ రైళ్లలో మామూలు రోజుల్లో తాగనిస్తారు. శాంటా వేషాలతో జనం బార్లు తిరిగే శాంటాకాన్ లాంటి రోజుల్లో మాత్రం ఒప్పుకోరు. ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ అభిమానులతో వెళ్లే ప్రత్యేక రైళ్లలో మందు ఉండకూడదని 1985లోనే చట్టం చేశారు. ఏడాదంతా అందరికీ వద్దనే కంటే ఇలా రోజుని బట్టి, గుంపుని బట్టి వద్దనడం తెలివైన పని. నేనెక్కిన రైలువాళ్లు ఆ రోజు మ్యాచ్ ఉందని ముందే చూసుకుని ఇంకో మనిషిని కౌంటర్లో పెట్టి ఉంటే, ఐసు అయిపోయిందని ఆ పెద్దాయన అబద్ధం ఆడాల్సిన పని ఉండేది కాదు.

మీరు ఇలాంటి రైలు ఎక్కబోతుంటే, టికెట్ తీసుకునేటప్పుడు బార్ బోగీ ఏ స్థానంలో ఉందో చూసుకోండి. దానికి అటూ ఇటూ ఉన్న బోగీల్లో బెర్తు తీసుకోకండి, రాత్రి పన్నెండు దాకా ఆ తలుపు తెరుచుకుంటూ మూసుకుంటూనే ఉంటుంది. సూప్ బాగుంది, తాగండి. పల్లీలు వద్దు. కౌంటర్లో మీకు మూడోది ఇవ్వనంటే వాదించకండి, ఆ గోడ ఫోను నిజంగానే పనిచేస్తుంది.